తోక ముక్క

మా అమ్మ ఏటా తపస్సు కాలంలో ఏదో ఒకటి మానేసేది. ఈస్టరు పండక్కి ముందు నలభై రోజులు ఎవరికిష్టమైంది వాళ్ళు వదిలిపెట్టడం మా ఊళ్ళో మామూలే. ఒక ఏడు కాఫీలో చక్కెర మానేసింది. ఒక ఏడు టీవీ సీరియళ్ళు. ఇంకో ఏడు మా మేనత్త చాయోతో పోట్లాడ్డం మానేసింది గానీ అది వారం కూడా నిలవలేదు. నేను గ్వాడలహారా నగరంలో ఉద్యోగంలో చేరిన మరుసటేడు, నాన్నను మానేసింది.

బూడిద బుధవారం నాడు చర్చికి వెళ్ళి, నుదుట బూడిద సిలువ పెట్టించుకొచ్చి, అది చెరక్కుండానే సంచి సర్దుకుని, "ఫిలెమోన్, నేనిక నీతో ఉండను" అని చెప్పిందట. నాన్న అప్పుడు వంటింట్లో ఫ్రిజ్ వెనకాల బోర్లా పడుకుని ఏదో గొట్టం బిగిస్తున్నాడు. నాన్న ఫ్రిజ్‌ల మెకానిక్. టెపిక్ ఊళ్ళో సగం ఇళ్ళలో పాలు విరక్కుండా ఉన్నాయంటే ఆయన చలవే.

"మీ అమ్మ మొక్కు పట్టింది," అని ఫోన్లో చెప్పాడు నాకు.

"ఏం మొక్కు?"

"నన్ను మానేసే మొక్కు. నలభై రోజులు."

"నలభై రోజులని అమ్మ అందా?"

"అనాలా ఏంటే? నుదుట బూడిదుంది. బూడిద బుధవారం మొదలెట్టింది ఈస్టరుకి కాక ఇంకెప్పటికి పూర్తవుద్ది?"

వేరేవాళ్ళు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఈ తప్పు ఫోన్లోనే కనపడింది. కానీ నాన్న గొంతు ఎంత హుషారుగా ఉందంటే, తనను మానేయడమంటే చక్కెరంత ఇష్టం ఉన్నట్టే కదా అని లోలోపల మురిసిపోతున్నాడని కూడా తెలిసిపోయింది. "సరే నాన్నా," అన్నాను.

ఆ శనివారం బస్సెక్కి టెపిక్ వెళ్ళి ముందు అమ్మనే చూశాను. పుస్తకాల కొట్టు మీద చిన్న వాటా అద్దెకు తీసుకుంది. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీలో తులసిలాంటి ఏదో మొక్క. గోడవారగా తెల్లటి ఫ్రిజ్. ఒకే తలుపుది, నా భుజం దాకా వస్తుంది. దాని మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా ఒలవలేదు.

"కొన్నావా?" అన్నాను.

"లేదు, ఎత్తుకొచ్చా."

"నాన్నకి చెప్పకుండా?"

"ఫ్రిజ్ కొనడానికి ఆ మనిషిని అడిగేటట్టయితే ఇక వదిలేయడం దేనికే?"

మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఎప్పుడూ లేదు. ఎవరో పారేసినదాన్ని నాన్న బాగుచేసి తెచ్చేవాడు. అది బాగా నడుస్తుందని తేలగానే ఎవరికో ఇచ్చేసి ఇంకో పాడైంది తెచ్చేవాడు. గుడ్లు పెట్టే అర ఎక్కడుందో అమ్మకి అలవాటయ్యేసరికి ఆ ఫ్రిజ్ వెళ్ళిపోయేది. ఇప్పుడు అమ్మ ఆ ప్లాస్టిక్ కాగితం మీద అరచేతితో ఒకసారి నిమిరి, తలుపు తీసి, లోపలున్న ఒకే ఒక్క జున్నుముక్కను నాకు గర్వంగా చూపించింది.

నలభై రోజుల కోసం ఎవరూ ఫ్రిజ్ కొనరు.

"నాన్న దీన్ని మొక్కనుకుంటున్నాడమ్మా."

అమ్మ పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "నిజంగానా?"

"పండగ రోజుకి వచ్చేస్తావని చాయో అత్తతో ఇల్లు కడిగిస్తున్నాడు."

"మొహం మీదే చెప్పాను కదే. ఆ మనిషికి కంప్రెసర్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు." కుర్చీ నాకిచ్చి తను మంచం మీద కూర్చుంది. "నువ్వు చెప్పు యాదిరా. పండగలోపే చెప్పు. లేకపోతే ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి తలుపు దగ్గర కూర్చుంటాడు. పొద్దు గూకేదాకా లేవడు. నాకు తెలుసు ఆ మనిషి సంగతి. అట్లా కూర్చోనివ్వకు."

ఈస్టరు ముందరి పవిత్ర వారంలో సముద్రం ఒడ్డు ఊళ్ళు తిరిగి రావడం మా ఇంట్లో ఏటా ఉన్నదే. పెళ్ళి కాకముందు నాన్న ఆ ఊళ్ళ పూటకూళ్ళ పందిళ్ళలో ఐసు పెట్టెలు బాగుచేస్తూ తిరిగేవాడు. అందుకే ప్రతి ఊళ్ళో ఒక వంటావిడ ఆయన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మెస్కాల్టిటాన్‌లో రొయ్యలు, శాన్ బ్లాస్‌లో అరటిపండు రొట్టె, ఆటికామాలో ఆలిచిప్పలు, చివరికి ప్లాటనిటోస్‌లో నిప్పుల మీద కాల్చిన ఎర్రచేప. ఆ వరస మారదు. చేప పంపకమూ మారదు. తల నాన్నకి, పొట్ట దగ్గర మెత్తటిది నాకు, తోక అమ్మకి. "మీ అమ్మకి తోకంటే ప్రాణం," అనేవాడు నాన్న, కోసి పెడుతూ. అమ్మ ఎప్పుడూ కాదనలేదు.

ఈసారి కూడా వెళ్దామన్నాడు. "మీ అమ్మ ఎట్లాగూ మొక్కులో ఉంది, మనం ముగ్గురం వెళ్ళి ఆవిడ వాటా తెచ్చిపెడదాం. పండగనాడు ఉపవాసం విడిచినట్టు ఉంటది." మూడో మనిషి చాయో అత్త. ముందు సీట్లో అమ్మ చోట్లో దిండు వేసుకుని మరీ కూర్చుంది. నేను వెనక ఐసు పెట్టె పక్కన.

ఆ పెట్టె నాన్న స్వయంగా చేసింది. లోపల అడ్డంగా ఒక పలక పెట్టాడు. "ఎడమవైపు మనది. కుడివైపు మీ అమ్మది. మూత ఊరికే తియ్యకండి, గాలి తగలకపోతే ఆదివారం దాకా ఐసు చెక్కు చెదరదు."

మెస్కాల్టిటాన్ మడుగు మధ్యలో ఉన్న ఊరు. పడవ దిగేసరికే అక్కడి వంటావిడ దోన్యా మికా, అంటే మికా అమ్మగారు, గట్టు మీద నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఒకటి, రెండు, మూడు. ఎల్విరా ఏదయ్యా?"

"జలుబు," అన్నాడు నాన్న.

"ముదిరిన జలుబు," అని గొణిగింది చాయో అత్త.

దోన్యా మికా చేసే తమాలెలకు మీసాలుంటాయి. మొక్కజొన్న పిండి ముద్దలో రొయ్యల్ని తలలతో సహా కూరి, పొత్తి ఆకుల్లో చుట్టి ఆవిరికి పెడుతుంది. ఆకు విప్పగానే రొయ్యలు మీసాలు బయటపెట్టి మనకేసి చూస్తుంటాయి. తల పీలిస్తే మిరపకాయ, మడుగు బురద, ఉప్పు, అన్నీ కలిసిన రుచి. నాన్న కళ్ళు మూసుకుని తిన్నాడు. అత్త వేళ్ళు నాకింది. నేనూ తిన్నాను. ఎంత బాగున్నాయంటే, ఎవరితోనైనా మీసాల పోటీ ఆడాలనిపించింది. చిన్నప్పటి నుంచీ నేనూ అమ్మా చేసే పని అది. చెరో రొయ్య మీసాలు పట్టుకుని లాగి, ఎవరివి పొడుగ్గా వస్తే వాళ్ళు గెలిచినట్టు. నేను ఒకదాన్ని లాగాను. పొడుగ్గా వచ్చింది. పళ్ళెం అంచున పెట్టేశాను.

మేం లేస్తుంటే దోన్యా మికా ఆకుల మూట తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. "ఎల్విరాకి. వేడి చేసుకుని తినమను, జలుబు కరుగుద్ది." రాని మనిషికి మూట కట్టివ్వకుండా సాగనంపడం మా తీరంలో తిట్టడంతో సమానం. నాన్న పడవలో ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి దగ్గరకు రాగానే కుడివైపు పెట్టి మూత నొక్కాడు.

శాన్ బ్లాస్‌లో అమ్మకి తలనొప్పి. అరటిపండు రొట్టె ఒకటి అదనం. ఆటికామా చేరేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

"ఇట్లాగే కిందకి దిగుతా పోతే," అంది చాయో అత్త, "ప్లాటనిటోస్ దాకా బతుకుద్దా పాపం?"

"నువ్వూరుకో అక్కా."

"నేనేమన్నానురా? మొక్కులో ఉందని చెప్పొచ్చుగా. మొక్కులో సిగ్గేముంది?" నా వైపు తిరిగింది. "వస్తదిలేవే. ఆదివారం కోసం నేను కూడా తలుచుకున్నా. పండగ పూట మీ అమ్మని పల్లెత్తు మాటనను. ఉప్పెక్కువేసినా సరే."

ఇద్దరూ నమ్మారు. పెద్దవాళ్ళిద్దరూ కొత్త చెప్పులు కొనిస్తానంటే నమ్మిన పిల్లల్లా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో నేను, కడుపులో ఒక ఫ్రిజ్ పెట్టుకుని. మా బల్ల దగ్గర నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి, "ఇది తీసుకోవచ్చా?" అనడిగారు. "మనిషి ఉన్నారు," అన్నాడు నాన్న.

ఆటికామాలో చెప్పేద్దామనుకున్నాను. అత్త కాళ్ళు తడుపుకోవడానికి నీళ్ళలోకి వెళ్ళింది. నాన్న ఆలిచిప్పల్ని వరసగా పేర్చి, ఒక్కోదాని మీద నిమ్మకాయ పిండుతున్నాడు. మొదటిది ఎప్పుడూ నాకే.

"నాన్నా, అమ్మ..."

"అవునే, మంచిగా గుర్తు చేశావు. అమ్మకి మూతలు తియ్యకుండా ఇమ్మను. మూసున్నవైతే ఐసులో ఆదివారానికి కూడా బతికే ఉంటాయి."

"ఆదివారం..."

"ఈస్టరు కదే." నిమ్మచెక్క పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. నన్ను చూడలేదు. చిప్ప నా వైపు జరిపాడు. "తిను. ఆగితే నీరైపోద్ది."

నోరు తెరిచింది చెప్పడానికే. తినేశాను. చల్లగా, ఉప్పగా, గొంతు దాటి జారిపోయింది. ఆ రుచి కోసం జనం మైళ్ళు ప్రయాణం చేసి వస్తారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిమ్మకాయ పులుపెక్కువా?" అన్నాడు నాన్న. అవునన్నాను.

శనివారం పొద్దెక్కాక ప్లాటనిటోస్ చేరాం. సముద్రం ఒడ్డున తాటాకు పందిళ్ళు, కింద మడచెట్ల కట్టెల పొగ. అన్నిటికంటే చివరి పందిరి దోన్యా తోమాసాది. ఆవిడ నవ్వదు. మాట్లాడేది తక్కువ. చేపను వీపు మీదుగా చీల్చి పుస్తకంలా తెరిచి, ఎర్రటి మిరపముద్ద రాసి, రెండు ఇనప జల్లెళ్ళ మధ్య బిగించి నిప్పుల మీద పెడుతుంది. దాన్ని తిప్పాలంటే ఇద్దరు కావాలి.

"ఎల్విరాకి నడుం పట్టేసింది," అన్నాడు నాన్న, ఆవిడ అడక్కముందే.

"హమ్మయ్య, బతికే ఉంది," అంది చాయో అత్త.

దోన్యా తోమాసా నాన్నను ఒక్క క్షణం చూసింది. "అట్లాగా," అంది. తర్వాత నా వైపు చూసి, "ఏయ్ పిల్లా, ఇట్రా. ఈ రెండో వైపు పట్టు."

పొయ్యి దగ్గరికి వెళ్ళాను. జల్లెడ తిప్పాం. కొవ్వు చుక్కలు నిప్పుల మీద పడి చిటపటమన్నాయి.

"మీ అమ్మ వచ్చింది," అంది, చేపకే చెబుతున్నట్టు.

"ఎప్పుడు?"

"మొన్నామధ్య. వారం మధ్యలో, ఒడ్డున పురుగు లేదు. పైన రోడ్డు మీద బస్సు దిగి నడుచుకుంటా వచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని. చేప కావాలంది. ఒక్క మనిషికి ఎట్లా కాల్చనమ్మా, ఇది ఇంటిల్లిపాదికీ కాల్చే చేప అన్నాను. పర్లేదు, మొత్తం నేనే తింటానంది."

"తిందా?"

"తలతో మొదలుపెట్టింది. బుగ్గలు తీసి తింది, కళ్ళు పీల్చింది, మెడకింద కండంతా గీరి గీరి తింది. నేను మామూలుగా తోక కోసి ముందు పెట్టబోయాను. పిల్లికి వెయ్యండి, నాకెప్పుడూ నచ్చలేదు తోక అంది." దోన్యా తోమాసా పొగకి కళ్ళు చికిలించింది. "ఇన్నేళ్ళూ మీ నాన్న ఆ తోక మీ అమ్మ పళ్ళెంలో వేస్తుంటే ఎదురుగా నిలబడి చూసినదాన్ని నేను. ఒక్కసారి కూడా ఆవిణ్ణి అడగలేదు మీ నాన్న. పట్టు, పట్టు, మాడుద్ది."

చేప బల్ల మీదకి వచ్చింది. ఎర్రగా, అంచుల్లో నల్లగా, లోపల తెల్లగా. వేడి మొక్కజొన్న రొట్టెలు, ఉల్లిపాయ, దోసకాయ, కారం. అత్త దేవుణ్ణి తలుచుకుంది. నాన్న కత్తి తీసుకుని ముందు తోక కోశాడు. వెండి కాగితంలో పొట్లం కట్టి, నలువైపులా మడిచి, "ఇది మీ అమ్మకి," అన్నాడు. తర్వాత తల తన పళ్ళెంలో పెట్టుకున్నాడు. నేను ఆ తల వైపే చూస్తూ తిన్నాను. ఆ బుగ్గలో కండ ఎంత ఉంటుందో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

తిన్నాక నాన్న బండి దగ్గర నిలబడ్డాడు. పెట్టె మూత తీసి, కుడివైపు మూటల్ని జరిపి, దోన్యా తోమాసా ఇవ్వబోయేదానికి చోటు చేశాడు. మూత ఊరికే తియ్యొద్దని చెప్పిన మనిషి దాన్ని తెరిచి పట్టుకుని అట్లాగే ఉన్నాడు.

ఆవిడ వచ్చింది. చేతిలో ఒకే పొట్లం. చిన్నది.

"ఇది నీకు ఫిలెమోన్. రేత్రి తినడానికి. ఒక మనిషికి సరిపోద్ది."

వెనక్కి తిరిగి పందిట్లోకి వెళ్ళిపోయింది. నాన్న ఇంకో మూట కోసం వంటపొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ నిప్పుల మీద నీళ్ళు చల్లింది. చేతులు కడుక్కుంది. నీడలో ఉన్న కుర్చీ లాక్కుని మాకు వీపు పెట్టి కూర్చుంది.

ఐసు కరిగి ఒక గడ్డ పక్కకి జారింది. నాన్న ఆ చిన్న పొట్లాన్ని ఎడమవైపు పెట్టాడు. కుడివైపు చేసిన చోటు అట్లాగే ఉండిపోయింది. మూత వేసి, రెండు కొక్కాలూ బిగించి, బండి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు."

ఆ బండిని ఆయన ఎవరికీ ఇచ్చింది లేదు. ఎక్కి కూర్చున్నాను. అత్త వెనక సీట్లో జపమాల పట్టుకుని, మొదటి మలుపు తిరక్కముందే నిద్రపోయింది. రోడ్డుకి రెండు వైపులా మామిడి తోటలు.

"నాన్నా, అమ్మ ఫ్రిజ్ కొంది."

కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. వినలేదేమో, మళ్ళీ చెప్పాలేమో అనుకున్నాను.

"కొత్తదా?"

"కొత్తదే."

"తలుపులెన్ని?"

"ఒకటే."

"నీ గదిలో ఉందే, అట్లాంటిదా?"

"ఇంచుమించు అదే."

"ఊఁ," అన్నాడు. పనసకాయలు అమ్మేవాళ్ళ పందిళ్ళు వచ్చాయి, వెళ్ళిపోయాయి. "ఒక తలుపుదైతే పైన మంచు పేరుకుపోద్ది. పదిహేను రోజులకోసారి ఆపి, తలుపు తెరిచిపెట్టి కరగనివ్వమను. కత్తితో గీకొద్దని చెప్పు. గీకితే గొట్టం తెగుద్ది, ఇంక దాన్ని ఎవడూ బాగుచెయ్యలేడు."

"చెప్తాను."

"నేను కూడా బాగుచెయ్య..." అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేశాడు. టెపిక్ దీపాలు కనపడ్డాయి.

ఈస్టరు నాడు పొద్దున్న గంటలు మోగాయి. అత్త చర్చి నుంచి పువ్వుల గౌనులో వచ్చి, బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచింది. నాన్న అక్కడ లేడు. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకోలేదు. పెరట్లో పీట మీద కూర్చుని ఐసు పెట్టెలోంచి నీళ్ళు పారబోస్తున్నాడు. మూటలన్నీ తుడిచి ఒక సంచిలో సర్దాడు. మీసాల తమాలెలు, రొట్టె, మూతలు తెరవని ఆలిచిప్పలు.

"ఇవి మీ అమ్మకిచ్చి రా. ఆలిచిప్పలు ఇవ్వాళే తినెయ్యమను."

వెండి కాగితం పొట్లం మాత్రం సంచిలో వెయ్యలేదు. మడతలు ఒక్కొక్కటే విప్పాడు. చల్లబడి బిగుసుకుపోయిన తోకను రెండు చేతులతో పట్టుకుని కొరికాడు. నమిలాడు. ఆగాడు. నోట్లో వేలు పెట్టి ఒక ముల్లు తీశాడు, ఇంకోటి తీశాడు. పీట అంచున వరసగా పెట్టాడు. మళ్ళీ కొరికాడు.

"యాదిరా," అన్నాడు, తల ఎత్తకుండా. "ఇందులో అన్నీ ముళ్ళేనే."

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి చూస్తోంది. కాసేపటికి లోపలికి వెళ్ళింది. నాలుగో పళ్ళెం అలమరలో పెట్టిన చప్పుడు వినపడింది.

అమ్మ ఫ్రిజ్‌లో అవన్నీ పట్టలేదు. జున్ను బయటికి తీసి, తమాలెలు ఒక అరలో, ఆలిచిప్పలు గిన్నెలో పెట్టి లోపలికి తోసింది. రొట్టె ఫ్రిజ్ మీద పెట్టాల్సొచ్చింది. ప్లాస్టిక్ కాగితం ఒలిచేసింది, తలుపు తళతళలాడుతోంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"పదిహేను రోజులకోసారి ఆపి కరగనివ్వమన్నాడు. కత్తితో గీకొద్దన్నాడు."

"అంతేనా?"

"అంతే."

అమ్మ సంచి అడుగున తడిమి చూసింది. ఖాళీ సంచిని దులిపి మడతపెట్టింది. "తోక పంపలేదే?"

"నాన్న తిన్నాడు."

సంచి మడత మీద అమ్మ చెయ్యి ఆగింది. "మొత్తమా?"

"మొత్తం."

"ముళ్ళుంటాయని చెప్పావా?"

నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ మెల్లగా ఫ్రిజ్ తలుపు మూసింది. లోపల కంప్రెసర్ మొదలైంది. కొత్తది కదా, చప్పుడు చాలా చిన్నగా ఉంది. చెవి పెడితే తప్ప వినపడదు. ఇద్దరం దాన్నే వింటూ నిలబడ్డాం.